మగపిల్లికి మూత్రం బంధిస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు

ప్రశ్న: మా మగపిల్లికి నాలుగేళ్లు. డ్రై ఫుడ్ మాత్రమే తింటుంది. నిన్నటి నుంచి మాటిమాటికీ ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతోంది, అరుస్తోంది. మలబద్ధకమని మా అత్తగారు ఆముదం పట్టమంటున్నారు. ఒళ్లు వెచ్చగా ఉంది. పారాసిటమాల్ పావు బిళ్ల వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పిల్లిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీకు ఫోన్‌లో చెప్పాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మొదట అనుమానించవలసింది మలబద్ధకాన్ని కాదు, మూత్రం బంధించడాన్ని. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది కనుక, మూత్రంలోని స్ఫటికాలూ జిగురూ కలిసి బిరడాలా అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. అప్పుడు మూత్రపిండాలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇంట్లో ముందుగా ఇసుకను చూడండి. మూత్రం పోసిన చోట ఇసుక తడిసి ముద్దకడుతుంది. పిల్లి పదిసార్లు వెళ్లివచ్చినా ఇసుక పొడిపొడిగానే ఉన్నా, చింతగింజంత తడి మాత్రమే కనబడి అందులో ఎర్రటి జీర ఉన్నా, తెల్లవారే దాకా ఆగకుండా బయలుదేరండి. పొత్తికడుపులో నిమ్మకాయంత గట్టిగా చేతికి తగిలితే అది నిండిన మూత్రాశయం కావచ్చు. దాన్ని నొక్కితే పగిలే ప్రమాదం ఉంది. వాంతులు మొదలై, పిల్లి లేవకుండా పడి ఉంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఆముదం వద్దు. దానివల్ల మూత్రం రాదు సరికదా, బలవంతంగా పడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పారాసిటమాల్ పావు బిళ్ల కూడా వేయకండి. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కాబట్టి ఎర్రరక్తకణాలు చెడిపోతాయి, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ప్రాణమే పోవచ్చు. పిల్లి మామూలు ఉష్ణోగ్రత సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ కనుక, ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా మన చేతికి వెచ్చగానే తగులుతుంది.

ఆసుపత్రిలో మత్తు ఇచ్చి, సన్నని గొట్టంతో అడ్డు తొలగించి, సెలైన్ పెడతారు. సాధారణంగా రెండు మూడు రోజులు అక్కడే ఉంచవలసి వస్తుంది. ఈ బాధ మళ్లీ రావడం మామూలే. అందుకే ఇంటికి వచ్చాక కొన్ని వారాల పాటు ట్రేలో ముద్దలు లెక్కపెడుతూ ఉండండి, డాక్టరు చెప్పిన తడి మేతకు (వెట్ ఫుడ్) మార్చండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి.

ప్రశ్న: మా లావుపాటి పిల్లి రెండు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. ఆకలేస్తే అదే తింటుందని వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వదిలేయకండి. తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుపాటి దానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి అది పనిచేయడం మానేస్తుంది. చెవుల లోపలి చర్మం, కళ్లు పచ్చబడతాయి. పెద్ద పిల్లి ఒక రోజంతా తినకపోతే డాక్టరుకు చూపించాలి, కూనకైతే అంత గడువు కూడా లేదు. ముక్కు దిబ్బడ వేసి వాసన తెలియకపోయినా పిల్లి తినదు కాబట్టి, బయలుదేరేలోగా మేతను గోరువెచ్చగా చేసి ఒకసారి ముందు పెట్టి చూడండి. నోట్లో బలవంతంగా కుక్కకండి.