చిగురు దగ్గర పళ్లు పుచ్చుతుంటే అన్నీ పీకించేయకండి

మీ నాన్నగారికి 74 ఏళ్లు, చిగురు అంచున పళ్లు గోధుమ రంగుకు తిరిగి గుంటలు పడుతున్నాయి, అన్నీ తీయించి సెట్టు పెట్టించేద్దామా అని అడిగారు. దయచేసి తొందరపడకండి. రెండేళ్ల కిందట మా అమ్మకూ సరిగ్గా ఇదే జరిగింది. మొదట చూపించిన చోట ఆరు పళ్లు తీసేయాలన్నారు, మనసొప్పక ఇంకో డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే ఒక్కటే పోయింది, మిగతా అయిదింటితో అమ్మ ఇవాళ్టికీ జొన్నరొట్టె నములుతోంది.

వయసు మీద పడ్డాక చిగుళ్లు జారి పన్ను వేరు బయటపడుతుంది. పైభాగానికి ఉన్నట్టు వేరుకు ఎనామిల్, అంటే గట్టి పైపొర, ఉండదు. నోట్లో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5కు పడితే గానీ ఎనామిల్ కరగదు, వేరు మాత్రం 6 పైన ఉండగానే కరగడం మొదలవుతుంది. దీనికి ఆ ఆమ్లాన్ని కడిగేసే లాలాజలం తగ్గడం కూడా తోడైతే ఇక ఆపేదేముంది?

అమ్మకు షుగరు, టీ కూడా చప్పగానే తాగుతుంది, అందుకే పళ్లెలా పుచ్చాయో మాకు అర్థం కాలేదు. ఆ డెంటిస్టు చెంప పక్కకు లాగి చూసి, ముందు అడిగింది పళ్ల గురించి కాదు, "రాత్రిళ్లు నోరు ఎండిపోతోందా అమ్మా?" అని. అప్పుడు బయటపడింది. అరికాళ్ల మంటలకు రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్ మాత్రతో నోరు పిడచకట్టుకుపోతోంది, గొంతు గరగర అంటోందని అమ్మ పటికబెల్లం ముక్క ఒకటి కుడి దవడన పెట్టుకుని పడుకుంటోంది. చిన్న ముక్కకే షుగరు పెరుగుతుందా అనుకుందట. పుచ్చినవన్నీ కుడివైపువే! నాకు ఏడుపొచ్చింది, పక్క గదిలో ఉండి కూడా నేను గమనించలేదు.

మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మేము షుగరు డాక్టరుకు చెప్తే డోసు తగ్గించారు. అలర్జీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా నోరు ఎండబెడతాయి కాబట్టి డెంటిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారు వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.

అమ్మకు ఒక పంటికి గ్లాస్ అయనోమర్ ఫిల్లింగ్ చేశారు, చిగురు దగ్గర తడిలోనూ పట్టుకుంటుందని. లోపలి రెండు పళ్లకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని, పుచ్చును ఆపే మందు పూశారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు, కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేని పెద్దవాళ్లకు ఇది నిజంగా వరం. కాకపోతే పుచ్చు బొగ్గులా నల్లబడి అలాగే ఉండిపోతుంది, ముందు పళ్లకైతే ఆలోచించుకోండి, వెండి పడనివాళ్లకు వద్దు. నలుపు చూసి కంగారు పడొద్దు, మెత్తగా ఉంటే పుచ్చు ఇంకా నడుస్తున్నట్టు, గట్టిపడి మెరుస్తుంటే ఆగినట్టు. మూడు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ కూడా వేయిస్తున్నాం.

ఫ్లోరైడ్ పేస్ట్ దగ్గర అమ్మతో పెద్ద గొడవే అయింది. మాది నల్గొండ జిల్లా, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన మనిషి, ఆ పేరు వింటేనే భయం. అది ఏళ్ల తరబడి తాగిన నీళ్ల వల్ల, ఇది నోట్లో రాసి ఉమ్మేసేది అని ఎన్నిసార్లు చెప్పానో. మూలికల పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, ట్యూబు వెనక చూసి ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (అది ఎంతుందో చెప్పే కొలత) ఉన్నది తీసుకోండి. అమెరికాలో డెంటిస్టు రాసిస్తే 5000 పీపీఎం పేస్ట్ దొరుకుతుంది, అమ్మానాన్నలు పిల్లల దగ్గర అక్కడ ఉంటే అడిగి చూడండి. తోముకున్నాక పేస్ట్ ఉమ్మేయాలి గానీ నీళ్లతో పుక్కిలించకూడదు, ముఖ్యంగా రాత్రిపూట.

పళ్లపొడి, గట్టి బ్రష్ మాన్పించండి, అడ్డంగా బలంగా రుద్దితే వేరు అరిగిపోతుంది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఏదైనా ఉంటే రాత్రి తీసి కడిగి పెట్టాలి, దాని కొక్కేల కిందే ఎక్కువ పుచ్చుతాయి. మంచం పక్కన మామూలు నీళ్లే పెట్టండి, గుక్క గుక్కగా తాగడానికి.

ఈ రాత్రి నాన్నగారు పడుకునే ముందు ఫోన్ టార్చ్ వేసి, చెంచా కాడతో చెంప పక్కకు జరిపి చూడండి, ఏ వైపు ఎక్కువగా ఉందో. తర్వాత ఆయన దిండు దగ్గర ఏం పెట్టుకుంటున్నారో కూడా చూసి ఇక్కడ రాయండి.