బయట బాటిల్ పెట్టినా ప్రింటర్ "వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండింది" అంటోందా?

క్లీనింగ్‌లో పోయే ఇంక్‌ను పీల్చుకునే స్పాంజ్ లాంటిదే ఈ ప్యాడ్. దానికి వెళ్లే ట్యూబ్‌ను బాటిల్‌లోకి మళ్లించినా ఆ ఎర్రర్ పోకపోవడానికి కారణం కౌంటర్. చాలా ఇంక్‌జెట్లలో ప్యాడ్ తడిని చూసే సెన్సర్ ఉండదు. క్లీనింగ్ జరిగిన ప్రతిసారీ ఎంత ఇంక్ పోయి ఉంటుందో ప్రింటర్ లెక్కేసుకుంటుంది, అంతే. మీరు బాటిల్ పెట్టిన సంగతి దానికి తెలియదు.

1. మీ మోడల్‌కు సరిపడే రీసెట్ టూల్‌తో కౌంటర్ సున్నా చేసి, ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి. ఎక్కడపడితే అక్కడ డౌన్‌లోడ్ చెయ్యకండి, వాటిలో వైరస్‌లు ఎక్కువ.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొన్ని మోడళ్లలో రెండు కౌంటర్లు ఉంటాయి. మెయిన్ ప్యాడ్‌కు వెళ్లే ఇంకే మీ బాటిల్‌లో పడుతుంది. బోర్డర్‌లెస్ (చుట్టూ తెల్ల అంచు లేని) ఫోటోలు ప్రింట్ తీసినప్పుడు అంచు దాటిన ఇంక్ ట్యూబ్‌లోకి రాదు, కాగితం కింద ఉండే ప్యాడ్‌లోకి పోతుంది. నిండింది ఆ కౌంటరైతే ముందు ఆ ప్యాడ్ మార్చండి. మార్చకుండా రీసెట్ కొడితే ఇంక్ టేబుల్ మీదకే.

3. బాటిల్ మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉండాలి. బాటిల్ ప్రింటర్ కంటే కింద ఉండాలి, ట్యూబ్ ఎక్కడా మడత పడకూడదు.

4. ఒకసారి హెడ్ క్లీనింగ్ పెట్టి చూడండి. ట్యూబ్‌లో ఇంక్ కదులుతుంటే పని అయినట్టే.