బకెట్టా, కాళ్ళ మీదా? ముందు మీ చేతులు తడవనివ్వండి

ఉత్తరం: మాది రామచంద్రపురం దగ్గర పల్లె. ఆపరేషన్ అయి పుట్టింట్లోనే ఉన్నాను. పాపకి పది వారాలు. మా అమ్మ కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోస్తుంది. మావారు విశాఖలో ఉద్యోగం, శనివారం వచ్చి ఆదివారం వెళ్తారు. పాప గుక్కపట్టి ఏడుస్తోందనీ ఇది మొరటు పద్ధతనీ, బిడ్డని నిలువుగా కూర్చోబెట్టే బకెట్ లాంటి టబ్బు ఆన్‌లైన్‌లో తెప్పించారు. నాకైతే చూస్తేనే భయమేసింది, పిల్లని బిందెలో దించినట్టుంది. అమ్మ ఏమనుకుంటుందోనని ఆ టబ్బు మంచం కిందే ఉంచాను. ఆయన రోజూ రాత్రి ఫోన్లో "ఇవాళ అందులోనే పోశారా" అని అడుగుతారు. పోశామని రెండుసార్లు అబద్ధం చెప్పాను. అమ్మకి చెబితే బాధపడుతుంది, ఆయనకి చెబితే గొడవ. రెండింట్లో ఏది మంచిదో మీరు రాస్తే ఇద్దరికీ చూపిస్తాను.

అమ్మా,

మీరడిగినదానికి జవాబు చిన్నది. రెండు పద్ధతుల్లోనూ బిడ్డకి శుభ్రంగా నీళ్ళు పోయొచ్చు, చేతకాకపోతే రెండింట్లోనూ ప్రమాదం ఉంది. ఈ కాగితం పట్టుకెళ్ళి ఇద్దరికీ చూపిస్తానంటున్నారు. ఆ పని చేయకండి. చూపిస్తే ఒకరు గెలిచారనీ ఒకరు ఓడారనీ తేలుతుంది. మీరు మాత్రం ఎక్కడున్నారో అక్కడే ఉంటారు, మంచం కింద టబ్బుతో, నోట్లో అబద్ధంతో.

అమ్మ నీళ్ళు పోస్తుంది అని రాశారు. ఆయన టబ్బు కొన్నారు అని రాశారు. మరి మీరు? పది వారాల్లో ఒక్కసారైనా మీ చేత్తో పాపకి నీళ్ళు పోసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మొదటి నెల సరే. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు నడుం వంచొద్దని పెద్దవాళ్ళు అనడం న్యాయమే. ఇప్పుడు కూడా పీట వేసి, కాగులో నీళ్ళు తొరిపి, "నువ్వు లే, నీకు చేతకాదు" అని మీ అమ్మగారు అనడం, మీరు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడడం, ఇదేనా రోజూ జరుగుతోంది? పైకిది అత్తా అల్లుళ్ళ పట్టింపులా ఉంది. నేను చూసేది మాత్రం మీకూ మీ అమ్మగారికీ మధ్య ఉన్న సంగతి. ఆవిడ ముందు మీరింకా తల్లి కాలేదు, కూతురుగానే ఉండిపోయారు. అందుకే మీకు టబ్బంటే భయం ఉన్నా ఆ మాట మీవారితో అనలేదు. పాప గుక్కపట్టి ఏడుస్తోందని తెలిసినా అమ్మతో అనలేదు. మీ తరఫున మాట్లాడే పని నాకు అప్పజెప్పారు.

పురుడు పోసిన తల్లి ఋణం చాలా పెద్దది, కాదనను. ఆవిడ ఏమనుకుంటుందోనని మీ బిడ్డని మీరు ముట్టుకోకుండా ఉండడం ఆ ఋణం తీర్చడం కాదు. మూడో నెలో ఐదో నెలో సారె పెట్టి విశాఖ పంపుతారు కదా. అక్కడ ఫ్లాట్లో పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాక ఎవరు పోస్తారు? చలిమిడి, ఉయ్యాల, పొత్తిగుడ్డలతోపాటు ఈ పని కూడా కూతురి చేతికిచ్చి పంపాల్సిన బాధ్యత మీ అమ్మగారిది. ఆవిడ ఇవ్వకపోతే అడిగి తీసుకోవాల్సింది మీరు.

అబద్ధం సంగతి. టబ్బులో పోశామని మీరన్న రోజే పాప ఒంటిమీద దద్దుర్లు లేచాయనుకోండి. ఆయన అది టబ్బు వల్లే అనుకుంటారు, పిల్లల డాక్టరుకి అదే చెబుతారు. డాక్టరు నలుగు పిండి గురించి అడగనే అడగడు. చంటిపిల్ల విషయంలో అబద్ధం అలా తిరిగొచ్చి పిల్లకే తగులుతుంది. ఇవాళ రాత్రి ఫోన్లో నిజం చెప్పేయండి. గొడవైతే అవనివ్వండి.

ఇక పని దగ్గరికి వద్దాం. మీ అమ్మగారి పద్ధతి మొరటు కాదు. కాళ్ళు చాపి రెండు పిక్కల మధ్య పల్లంలో బిడ్డని పడుకోబెడితే, తల పాదాల వైపు ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, బిడ్డ జారదు. ఒక్క మనిషి చేసుకోగలిగిన ఏర్పాటు అది, టబ్బుకి ఆ సుఖం లేదు. పాప గుక్కపట్టేది కాళ్ళ మీద ఉన్నందుకు కాదు. ఒకటి, వేడి. ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర పనిచేసిన అరచేతికి వేడి తెలియదు. "గోరువెచ్చగానే ఉన్నాయే" అని ఆవిడ అన్న నీళ్ళలో మీ మోచెయ్యి పెట్టి చూడండి. మోచేతికి వేడీ చల్లనా ఏదీ తెలియకుండా ఉండాలి. థర్మామీటరుంటే 37, 38 డిగ్రీలు. రెండోది, చెంబు ఎత్తి ముఖం మీదుగా ధార పోయడం. ముఖం మీద నీళ్ళు పడగానే పసిబిడ్డ ఊపిరి బిగబడుతుంది. నుదుటి మీద అరచెయ్యి చూరులా అడ్డంపెట్టి, తల కొంచెం పైకెత్తి, నీళ్ళు వెనక్కి జారేలా పోస్తే ఆ గుక్క సగం తగ్గుతుంది. ముఖం తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మీ అమ్మగారితో మానిపించాల్సినవి కొన్ని ఉన్నాయి, వీటిలో మొహమాటం పనికిరాదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది. పాలున్నాయని పసిబిడ్డ చన్నులు పిండకూడదు. ఆ వాపు తల్లి హార్మోన్ల వల్ల వచ్చింది, దానంతటదే పోతుంది, పిండితే గడ్డకట్టి చీము పట్టొచ్చు. సాంబ్రాణి పొగ పిల్ల ఉన్న గదిలో వద్దే వద్దు. ఒంటిమీద నూగు పోవడానికని గట్టిగా నలుగు పెట్టడం అనవసరం, ఆ నూగు కొన్ని వారాల్లో తానే రాలిపోతుంది, పిండి రాపిడికి చర్మం మాత్రం కందుతుంది. ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా ఒత్తడం కూడా అంతే. కొబ్బరినూనెతో మెల్లగా ఒళ్ళు రాయడం మాత్రం మంచిదే. అందులో మీ అమ్మగారి చేతికి సాటి లేదు, అది ఆవిడకే వదిలేయండి.

టబ్బు. 1990ల్లో నెదర్లాండ్స్‌లో పుట్టిన వస్తువు అది. కడుపులో ఎలా ముడుచుకుని ఉండేదో అలాగే కూర్చుని భుజాల దాకా వెచ్చటి నీళ్ళలో ఉంటే బిడ్డ నెమ్మదిస్తుందని దాని వెనకున్న ఆలోచన. చాలామంది పిల్లలు నిజంగానే ఏడుపు ఆపి కళ్ళు విప్పార్చి చూస్తారు. నోరు సన్నం కాబట్టి నీళ్ళు తొందరగా చల్లారవు. కానీ అది ఇంట్లో బకెట్ లాంటిది కాదు. అడుగు వెడల్పుగా, జారకుండా ఉంటుంది, అంచు గుండ్రంగా ఉంటుంది. అది లేనప్పుడు బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ బకెట్లో దించడం వద్దు. దాని అడుగు ఇరుకు, ఒరిగిపోతుంది.

దీంతో తప్పు జరిగేది ఎక్కువగా మూడు చోట్ల.

మొదటిది నూనె. ఒళ్ళంతా నూనె రాసి, ఆ పిల్లని లోతు గిన్నెలో దించితే పైకి తీసేటప్పుడు చేప జారినట్టు జారుతుంది. కాళ్ళ మీదైతే నూనె రాసి నీళ్ళు పోయొచ్చు, పిల్ల ఒడిలోనే ఉంటుంది. టబ్బు రోజున ముందు స్నానం, తర్వాత ఒళ్ళు తుడిచి నూనె. నలుగు పిండి అసలు ముట్టుకోవద్దు. పిండి ఆ నీళ్ళలోనే కలిసి కళ్ళల్లో, నోట్లో పడుతుంది.

రెండోది నీటి మట్టం. అయిదు కిలోల పాప భుజాల దాకా దిగితే మూడున్నర, నాలుగు లీటర్ల నీటిని పైకి నెడుతుంది. 28 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెలో అది దాదాపు ఆరు సెంటీమీటర్లు. దించకముందే భుజాల మట్టానికి నింపితే నోటి దాకా వచ్చేస్తాయి. జానెడు లోతుకి కాస్త తక్కువగా, అంటే తొమ్మిది పది లీటర్లతో మొదలుపెట్టండి. తక్కువైతే బిడ్డని బయటికి తీశాకే కలపాలి. బిడ్డ లోపల ఉండగా వేడినీళ్ళు పోయకూడదు. కలిపేటప్పుడు కూడా ముందు చన్నీళ్ళు, తర్వాత వేడివి, అడుగు నుంచి చెయ్యి పెట్టి కలియదిప్పాలి. పైన గోరువెచ్చగా, లోపల మరోలా ఉండడం మామూలే.

మూడోది మెడ. పది వారాల పిల్లకి తల పూర్తిగా నిలవదు. గడ్డం ఛాతీకి ఆనిందంటే ఊపిరి అందదు. అందుకని ఒక చేతి బొటనవేలూ చూపుడువేలూ పంగలా విప్పి రెండు దవడల ఎముకల కింద ఆనించాలి, గొంతు మెత్తని చోట వేలు పడకూడదు. రెండో అరచెయ్యి తల వెనక, వేళ్ళు మెడ దాకా. ముందు అరికాళ్ళు తగలాలి, తర్వాత మోకాళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, పిర్రలు అడుగున ఆనాక నీళ్ళే ఒంటిని మోస్తాయి. ఒంటి బరువు నీళ్ళు మోసినా తల బరువు మాత్రం మీ చేతులదే. తీసేటప్పుడు తల పట్టి లాగకుండా ఒక చెయ్యి పిర్రల కిందికి పోనిచ్చి, రెండోది మెడా భుజాల వెనక ఉంచి ఎత్తండి. అయిదారు నిమిషాలు చాలు. లోపల ఒంటికి పోసినా దొడ్డికెళ్ళినా కంగారు పడక్కర్లేదు, బయటికి తీసి పక్కనుంచుకున్న ఒక చెంబెడు మంచి వెచ్చటి నీళ్ళతో కడిగేయండి.

చూశారుగా, తల పట్టిన మనిషికి రుద్దడానికి చెయ్యి మిగలదు. కనీసం నాలుగో నెల దాకా దీనికి ఇద్దరు కావాలి. ఫోన్లో అడిగే మనిషి కాదు, చెయ్యి పెట్టే మనిషి. మీవారు కొన్నారు గనుక తల పట్టే పని ఆయనది, కడిగే పని మీది. సోమవారం నుంచి శనివారం దాకా మీ అమ్మగారి పీట, మీ కాళ్ళు. అవును, మీ కాళ్ళే. ఆవిడ పక్కన కూర్చుని చెంబు అందిస్తారు. నడుం ఇంకా పట్టేస్తుంటే పీట కింద మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు చేసుకోండి, వీపు గోడకి ఆనించండి. నీళ్ళు నిండిన టబ్బు పది కిలోల పైన ఉంటుంది, అది మాత్రం ఎత్తొద్దు. మగ్గుతో సగం తోడేసి తర్వాత ఒంచండి.

నీళ్ళ గురించి కూడా చెప్పాలి, మన డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు. వరద రోజుల్లో కాలవలో ఎర్రనీళ్ళు దిగితే కుళాయిలోనూ మడ్డి కనిపిస్తుంది. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి పసిచర్మాన్ని ఎండబెడతాయి. కాళ్ళ మీద పోసిన నీళ్ళు కిందికి పోతాయి, టబ్బులో నీళ్ళు బిడ్డ నోటికి అందేంత దగ్గరలో నిలిచి ఉంటాయి. కాబట్టి టబ్బు రోజున రాత్రే నీళ్ళు తేర్చి, గుడ్డలో వడగట్టి, తెర్లేదాకా కాచి మూతపెట్టండి. పొద్దున్నకి అవే మీ చన్నీళ్ళు. కాలవలు కట్టేసే వేసవిలో రోజూ స్నానం పోయకపోయినా తప్పులేదు, వారానికి మూడుసార్లు చాలు. పోయని రోజున మాత్రం మెడ మడతలు వదలొద్దు. చుబుకం ఎత్తి ఆ మడత విప్పి చూడండి, కారిన పాలు అక్కడ చేరి, ఈ ఉక్కకి పులిసి, ఎర్రగా ఒరిసిపోయి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డ అద్ది ఆరనివ్వండి. పౌడరు కొట్టొద్దు, ముక్కులోకి పోతుంది.

టబ్బులో స్నానం అయ్యేదాకా ఒక్క క్షణం కూడా బిడ్డ మీద నుంచి చెయ్యి తీయకూడదు, ఫోను మోగినా సరే. నేల మీదే పెట్టాలి, బల్ల మీదా మంచం మీదా కాదు. పని కాగానే నీళ్ళు ఒంపేయాలి. ఆరో నెల వచ్చేసరికి, లేదా అంతకుముందే పాప అంచు పట్టుకుని లేవబోతే, దాన్ని వాడడం మానేయండి. పాకే వయసులో పిల్లలకి తల బరువు ఎక్కువ. బకెట్లోకి తొంగి చూసి తలకిందులుగా పడితే పైకి లేవలేరు, నీళ్ళు నాలుగు వేళ్ళ లోతున్నా చాలు. పెరట్లో కాగు, గోలెం, బట్టల బకెట్ అన్నింటికీ ఇదే లెక్క.

మీ అమ్మగారికి ఏం చెప్పాలో మీకు తెలుసు గానీ నోరు రావడం లేదు. "అమ్మా, రేపటి నుంచి పాపని నా కాళ్ళ మీద వెయ్యి, తప్పు చేస్తే నువ్వు చెప్పు" అనండి. ఒకటి రెండు రోజులు ఆవిడ ముభావంగా ఉండొచ్చు. ఉండనివ్వండి, మీరు వెనక్కి తగ్గకండి. మీవారికి చెప్పాల్సింది ఇంకోటుంది. అత్తగారి పద్ధతి మొరటు అన్నమాట ఆయన మీతో కాదు, ఆవిడతో కూర్చుని, "అత్తయ్యగారూ, ముఖం మీద నీళ్ళు పడకుండా పోస్తే బాగుంటుందేమోనండీ" అని తానే అనాలి. పెళ్ళాం చేత అనిపించే మాట పెద్దరికం కాదు.

శనివారం రాత్రి సామర్లకోటలో రైలు దిగి, బస్సు పట్టుకుని ఆయన ఇంటికి చేరగానే, మంచం కింద నుంచి ఆ టబ్బు మీ అమ్మగారి ఎదుటే బయటికి తీసి కడిగి పెట్టండి. పొద్దున్న ఏడున్నరకి నీళ్ళు తొరుపుతానని, ఉంగరం తీసేసి గోళ్ళు కత్తిరించుకుని రెడీగా ఉండమని ఆయనతో చెప్పండి.