దుబారా పురుగా, వృథా పురుగా?

ప్రశ్న: మా బడిలో చరిత్ర ప్రదర్శన కోసం రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ పొదుపు కార్టూన్లకు తెలుగు వ్యాఖ్యలు రాస్తున్నాం. ‘స్క్వాండర్ బగ్’ను ఒకరు ‘వ్యర్థవ్యయ కీటకం’ అన్నారు, ఇంకొకరు ‘వృధా పురుగు’ అన్నారు. నాకు ‘దుబారా పురుగు’ నచ్చింది. కానీ దుబారా ఉర్దూ మాట కదా, రాతలో చెల్లుతుందా? పొదుపు, ఆదా ఒకటేనా? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మీకు తోచిందే సరైన మాట. ఎందుకో తెలియాలంటే ముందు బొమ్మను చూడాలి. 1943లో బ్రిటన్ జాతీయ పొదుపు సంఘం కోసం ఫిలిప్ బాయ్‌డెల్ గీసిన పురుగు అది. ఒంటిమీద నాజీ గుర్తులు, మొహంలో ఊరించే నవ్వు. అంగడికి వెళ్లిన వాళ్ల పక్కన చేరి, కొనమని పోరుతుంది. ఒక పోస్టరులో దాన్ని ‘హిట్లర్ నేస్తం’ అని పిలిచి, పోలీసులు వెతుకుతున్న నేరస్తుడిలా ఆనవాళ్లు ప్రకటించారు: పనికిరాని వస్తువుల సహవాసంలో కనిపిస్తుంది, ముఖస్తుతి చేస్తుంది అని. తుపాకీ గురి చూసుకోవడానికి ఈ పురుగు బొమ్మతో అట్టలు కూడా వేశారు.

ఇంతకీ అది చేసే నేరం ఏమిటి? అన్నం పారబోయించడం కాదు, బొగ్గు మండించడం కాదు. ప్రభుత్వం అమ్మే పొదుపు సర్టిఫికెట్లలోకి వెళ్లాల్సిన డబ్బును అంగట్లోకి మళ్లించడం. ఆనాడు జనం చేతిలో జీతాలున్నాయి, అంగళ్లలో సరుకు లేదు. ఆ డబ్బంతా ఉన్న కొద్ది సరుకు మీద పడితే ధరలు పెరుగుతాయి. పైగా అక్కర్లేని వస్తువు ఒకటి తయారైందంటే దానికి పట్టిన లోహమూ కూలీ శ్రమా ఓడలో చోటూ యుద్ధసామగ్రికి దక్కకుండా పోయినట్టే. తిండి పారబోయడం మీద ప్రచారం వేరుగా సాగింది. 1940లో ఆహారాన్ని పాడుచేయడాన్ని శిక్షార్హం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆహార శాఖ బొమ్మల్లోని ‘పొటాటో పీట్’, ‘డాక్టర్ క్యారెట్’ ఆ తిండి పక్షం వాళ్లు. అక్కడ ‘వృథా’ అనండి, అతికినట్టు సరిపోతుంది. ఉన్న వస్తువు ఉపయోగపడకుండా పోతే వృథా. అక్కర్లేనిదానికి డబ్బు పెడితే దుబారా. మీ పురుగు రెండో జాతిది.

ఇక దుబారా పుట్టుక. ఇది పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ‘దో’ అంటే రెండు, ‘బార్’ అంటే సారి. హిందీ, ఉర్దూల్లో ఈనాటికీ ‘దోబారా’ అంటే రెండోసారి, మళ్లీ అనే అర్థం. ఆ భాషల్లో ‘దోబారా రండి’ అంటే ఆప్యాయత. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చెడు ఖర్చుకు పేరైంది. ఇది అర్థం తప్పడం కాదు, ఎదగడం. దారి ఎలా పడిందో పొరుగు భాషలు చెబుతాయి. మరాఠీలో ‘దుబార్ పేరణీ’ అంటే రెండోసారి విత్తడం. మొదటి వానకు వేసిన విత్తనం, తర్వాత వాన ముఖం చాటేస్తే మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. వచ్చేది మాత్రం ఒక్క పంటే. ‘రెండోసారి’ అన్న మాటకు నష్టం వాసన తగలడానికి ఇంతకన్నా ఏం కావాలి! కన్నడంలో ‘దుబారి’ అంటే ఖరీదైనది, ధర మండిపోయేది. అదీ ఈ కుటుంబానిదే అని నా నమ్మకం. రెండోసారి, రెండింతల ధర, అక్కర్లేని ఖర్చు: హిందీ మొదటి మెట్టు మీద ఆగింది, కన్నడం రెండో మెట్టెక్కింది, తెలుగు మూడో మెట్టు మీద నిలబడింది. ఒకసారి ఖర్చుతో తీరే అవసరానికి రెండోసారి పెట్టే డబ్బే దుబారా అని నేను అర్థం చెప్పుకుంటాను. ఉన్న కోటు బాగానే ఉండగా ఇంకో కోటు కొనిపించే ఆ పురుగుకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

ఇలాంటి మాటను ఉర్దూదని వెలివేసి ‘వ్యర్థవ్యయ కీటకం’ అని రాయడం నాకు మింగుడుపడదు. ఖర్చు, జమా, బాకీ, వసూలు కూడా అలా వచ్చినవే. వాటిని తీసేసి ఇంటి లెక్క ఎవరు రాయగలరు?

పొదుపు, ఆదా పూర్తిగా ఒకటి కావు. పొదుపు నడవడిక, ఆదా ఫలితం. ‘పొదుపైన మనిషి’ అంటాం, ‘ఆదా మనిషి’ అనం. ‘వంద రూపాయలు ఆదా అయింది’ అంటాం, అక్కడ ‘పొదుపు అయింది’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘పొదుపు చేయండి’, ‘ఆదా చేయండి’ అనే చోట మాత్రం రెండూ నడుస్తున్నాయి, నేను తప్పుపట్టను. ‘సేవ్ చేయండి, వేస్ట్ చేయకండి’ అనే నేటి ప్రకటనల భాషను మాత్రం పిల్లల ముందు పెట్టకండి.

మీరు పంపిన వ్యాఖ్యల్లో ‘మేక్ డు అండ్ మెండ్’కు ‘చేయండి మరియు బాగుచేయండి’ అని ఉంది. ఈ ‘మరియు’ను దయచేసి వదిలిపెట్టండి. ఆ నినాదం అర్థం వేరు: కొత్త బట్టలు కొనకుండా, ఉన్నవాటినే బాగుచేసుకుని సరిపెట్టుకోమని. 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషన్ వచ్చింది, మొదటి ఏడాదికి మనిషికి 66 కూపన్లు. ఒక ఉన్ని గౌనుకే 11 పోయేవి. కాబట్టి ‘చిరుగు కుట్టుకో, ఉన్నది కట్టుకో’ అంటే ఆ కార్టూన్ల ధోరణికి దగ్గరగా ఉంటుంది.

పురుగు నోటి మాటలో మర్యాద తగ్గించవద్దు. మీ చిత్తులో ‘కొను, కొను!’ అంటోంది, కానీ అది గద్దించే పురుగు కాదు, ఉబ్బేసే పురుగు. ‘తీసుకోండమ్మా, మీకు ఎంత నప్పిందో!’ అనాలి. దాన్ని వెంట తీసుకెళ్లవద్దనే పోస్టరుకు ‘బజారుకు దుబారా పురుగును వెంటబెట్టుకు వెళ్లకండి’ చాలు. ఒంటిమీది గుర్తు కింద ‘నాజీ చిహ్నం’ అని చిన్న అక్షరాలతో రాయండి. గడప మీద స్వస్తిక్ చూసే పిల్లలు దాన్ని శుభచిహ్నం అనుకునే ప్రమాదం ఉంది.

అచ్చుకు పంపేముందు ‘వృధా’ను ‘వృథా’గా దిద్దండి. మాట సంస్కృతం, అక్షరం ‘థ’. పత్రికలు రోజూ తప్పు రాస్తున్నాయని బడి గోడమీద కూడా రాయనక్కర్లేదు.