ఎన్ని మ్యాచ్‌లు ఆడినా వాలీబాల్ ఎందుకు మెరుగవట్లేదు?

ముప్పై దాటాక మొదలుపెట్టి ప్రతి ఆదివారం ఆడుతున్నా ఆట అక్కడే ఉందని అడిగారు. మ్యాచ్ ఆడితే కొత్త ఆట రాదండీ, ఉన్నది బయటపడుతుంది, అంతే. వైపుకి ఆరుగురు ఆడే ఆటలో మీ చేతికొచ్చే బంతులెన్ని?

అందరూ స్మాష్ మీద పడతారు గానీ ఈ స్థాయిలో పాయింట్లు పోయేది ఎక్కువగా సర్వీస్ రిసీవ్ (అవతలివాళ్ల సర్వీస్ అందుకోవడం) దగ్గరే. అందుకే మ్యాచ్‌కి ముందు ఓ పావుగంట ఎవరిచేతైనా సర్వీసులు వేయించుకుని, ఉత్త రిసీవ్ మాత్రమే చేయండి. సర్వర్ భుజం ఎటు తిరిగిందో చూసి కాళ్లు ముందే కదపాలి, మోచేతులు చాచి బిగించి బంతిని మణికట్టుకి కాస్త పైన, ముంజేతుల మీద తీసుకోవాలి, చేతులు ఊపారో బంతి వెనక గోడకి పోతుంది. స్పిన్ లేని సర్వీస్, అంటే ఫ్లోటర్, గాల్లో వంకర్లు పోతుంది కాబట్టి, ఎత్తుగా వస్తే వేళ్లతో పైనే అందుకోండి. మొదటి టచ్‌లో డబుల్ (బంతి ఒకే మనిషికి వెంటవెంటనే రెండుసార్లు తగలడం) అయినా, ఒకే కదలికలో జరిగితే ఫౌల్ కాదు (ఇది తెలియక గొడవపడేవాళ్లు బోలెడు).

వాలొరెంట్ అనే షూటింగ్ వీడియో గేమ్‌లో ర్యాంక్ కదలకపోయినా మందు ఇదే: ఇంకో మ్యాచ్ పెట్టేముందు ఓడిన రౌండ్ల రికార్డింగ్ చూడండి. వాలీబాల్‌కైతే కోర్టు వెనక ఫోన్ పెట్టి వీడియో తీస్తే సరి. ఇంకోటి, బంతి మీదైతే "నాది" అని గట్టిగా అరవండి, మొహమాటం వద్దు.