సరిహద్దు నగరం నిలవాలంటే

నమస్కారమండీ. సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆటలో గోడలు కట్టి, శత్రువుకు ఎదురుగా దళాలను పంపినా సరిహద్దు నగరం ప్రతిసారీ చేజారుతోందని రాశారు. పొరపాటు ఆ ఎదురు పంపడంలోనే ఉందని నా అభిప్రాయం. కొండ మీదో అడవిలోనో నిలిచిన దళానికి రక్షణ బలం 3 పెరుగుతుంది. కదలకుండా ఫోర్టిఫై చేస్తే, అంటే ఉన్నచోటే కాపు కాయమని ఆదేశిస్తే, మొదటి టర్నుకు (వంతుకు) మరో 3, రెండో టర్నుకు మొత్తం 6 కలుస్తాయి కనుక, ముందుకు ఉరికిన ప్రతిసారీ మీరు ఆ బలాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. మన చంద్రగిరి కోట కొండను ఆనుకుని, ప్రాకారాలూ అగడ్తా చుట్టూ పెట్టుకుని నిలిచిన తీరు ఒకసారి గుర్తుచేసుకోండి. విలుకాళ్లను నగరంలోనే ఉంచండి. శత్రువు గోడలు కూల్చడానికి తోడ్పడే బ్యాటరింగ్ ర్యామ్ తెస్తే, దానికి తోడుగా వచ్చే దళాన్నే అందరికంటే ముందు కొట్టాలి. నేనూ ఈ సంగతి రెండు నగరాలు పోగొట్టుకున్నాకే గమనించాను. ఓడిన ఆటలో ముట్టడికి పది టర్నుల ముందున్న సేవ్‌ను తెరిచి, అక్కడి నుంచి మళ్లీ ఆడి చూడండి.