శేషం అంటే మిగిలిపోయినదే అయితే, శేషవస్త్రం గౌరవం ఎలా అవుతుంది?

గుడిలో మీ నాన్నగారికి శేషవస్త్రం కప్పారనీ, మిగిలిపోయినదాన్ని ఇవ్వడంలో గౌరవం ఏముందనీ అడిగారు. లెక్కల మాస్టారుగా ఈ మాటతో నాకు చాలాకాలం పని పడింది. 47ను 5తో భాగిస్తే భాగఫలం 9, శేషం 2. ఆ 2 పనికిరాని ముక్క అని పిల్లలు అనుకునేవారు. సరిచూసేటప్పుడు దాన్ని కలపకపోతే 47 తిరిగి రాదు కదా!

మీ ప్రశ్నకు అసలు జవాబు, ఆ మిగిలినది ఎవరిది అన్నదానిలో ఉంది. మనిషి తిని వదిలితే ఎంగిలి, దేవుడికి నివేదించినది ప్రసాదం. స్వామికి అలంకరించి తీసిన వస్త్రమూ అటువంటిదే. ప్రళయంలో అన్నీ లయమైనా మిగిలేవాడు కనుకనే ఆదిశేషుడికి ఆ పేరు వచ్చిందంటారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మొదటి వాహనం పెద్దశేషుడే. శ్రీవైష్ణవులైతే జీవుడు శేషం, భగవంతుడు శేషి అంటారు. అక్కడ శేషం అంటే మిగులు కాదు, ఆయనకు చెందినది అని.

అన్ని శేషాలూ మంచివని కాదు. అప్పు, నిప్పు, పగ, వీటిలో శేషం ఉంచకూడదని మా అమ్మ అనేది. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతాయి. బాకీ విషయంలో ఆమె మాట ఎంత నిజమో వడ్డీ లెక్కలు చెప్పిన నాకు వేరే చెప్పనక్కరలేదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం కీర్తిశేషులు అన్న మాట. కీర్తి మాత్రమే శేషంగా గలవారు అని విగ్రహవాక్యం చెప్పి, మార్కులు వేసి వదిలేసే సమాసం అది. మా చెల్లెలి పెళ్లి శుభలేఖ ప్రూఫులో నాన్నగారి పేరుకు ముందు ‘కీ.శే.’ చూసినప్పుడు, ఆ రెండక్షరాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అచ్చుతప్పులు దిద్దే పని తమ్ముడికి అప్పగించాను.

వారపత్రికల సీరియళ్ల చివర వేసే ‘సశేషం’ దీనికి పూర్తిగా ఎదురు. ఇంకా ఉంది, వచ్చే వారం దాకా ఆగమని. ఉత్కంఠలో ఆపేసిన రచయితను తిట్టుకోని పాఠకుడు ఉండడు.

ఇక అవశేషం. నాగార్జునసాగర్ నీటిలో లోయ మునిగేలోగా, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలు, కట్టడాల భాగాలు ఇప్పుడు నాగార్జునకొండ దీవి మీద ఉన్నాయి. వాటిని అవశేషాలు అంటాం, శేషాలు అనం. ఒకప్పటి మొత్తం పోయి కొంతే దక్కిందన్న లోటు ఆ మాటలో ఉంది. శేషవస్త్రంలో అటువంటి లోటు లేదు కనుక, మీ నాన్నగారిని నిశ్చింతగా కప్పుకోమనండి.